వల వెనక నడక

చింతామణి,
12 జూన్ 2006

అత్తా,

నీ మేనకోడలు అంబిక నమస్కారాలు. ఇక్కడందరమూ క్షేమమని మొదటి వాక్యం రాయాలి కదా, ఆ వాక్యం దగ్గరే రెండు రోజులుగా ఆగిపోయాను. క్షేమమే గానీ నయన సంగతి నన్ను నిలవనివ్వడం లేదు. నీకు తప్ప ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

ఫోన్ చేయవచ్చు. కానీ ఇక్కడ సెల్లు మా ఆయన జేబులో ఉంటుంది, మా అత్తగారు చౌడమ్మ చెవి ఆ జేబు దగ్గరే ఉంటుంది. అక్కడేమో నువ్వు నాగేశ్ బావ ఎస్టీడీ బూతులో నిలబడి మాట్లాడాలి, బస్టాండు సగం మన మాటలు వింటుంది. అందుకని కాగితమే మేలనుకున్నాను.

పోయిన వారం బడిలో పీటీ మేష్టరు నంజప్ప పిల్లలను వరసగా నిలబెట్టి మైదానం చివరిదాకా పరుగెత్తమన్నాడట. నయన పది అడుగులు వేసి కూర్చుండిపోయింది. మళ్లీ లేవలేదు. పిల్లలు నవ్వారు. నవ్వినా అది ఏడవలేదు, నాకు అదే ఎక్కువ బాధ. ఇంటికొచ్చి, "నా కాళ్లకు పరిగెత్తేది రాదమ్మా" అంది, నాకు లెక్కలు రావు అన్నంత మామూలుగా. అప్పటినుంచి పీటీ ఉన్న రోజు కడుపు నొప్పంటుంది.

చిక్కబళ్లాపురం తీసుకుపోయి పిల్లల డాక్టరుకు చూపించాము. రక్తం చూశారు, గుండె చూశారు. జబ్బేమీ లేదట. తొమ్మిదేళ్ల పిల్ల ఉండవలసిన దానికంటే బరువు చాలా ఎక్కువట, కాళ్లలో సత్తువ లేదట. తర్వాత ఆయన తలెత్తి నన్నూ మా ఆయననూ చూసి, మీ ఇంట్లో ఎవరైనా నడుస్తారా అని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నడవనా? పొద్దున లేచింది మొదలు పట్టుపురుగులింట్లో రెండు వరసల తట్టల మధ్య ఎన్నిసార్లు తిరుగుతానో దేవుడికే తెలుసు. నా మడమలు చూడమని ఆయన బల్ల మీద పెట్టాలనిపించింది, పగుళ్లలో పావలా బిళ్ల నిలబడుతుంది.

అందుకే కదా నా బిడ్డ కాలు కింద పెట్టకుండా పెంచుకున్నది. నయన పాదాలు నువ్వు చూడాలి అత్తా, వెన్నే. ఒక్క గీత లేదు. మా వీధిలో ఏ పిల్లకూ అట్లాంటి పాదాలు లేవు. అవి చూస్తే నేను పడే కష్టం మరిచిపోతాను.

పురుగులు నాలుగో జ్వరం లేచాయి. నువ్వు నర్సమ్మవు, జ్వరమంటే మాత్ర తీస్తావు. మా పురుగుల జ్వరం వేరు. అవి తిండి మాని, తల ఎత్తి, ఒక రోజంతా నిద్రపోయి పాత చర్మం విడిచి లేస్తాయి. లేచాక ఆకు వేస్తే గదంతా సన్నగా వాన పడుతున్న చప్పుడు. మధ్యాహ్నం పూట ఆ చప్పుడు వింటూ తిరుగుతుంటే నిద్రలో నడుస్తున్నానో మేలుకొని నడుస్తున్నానో నాకే తెలియదు.

నయనకు కాళ్లలో బలానికి మంచి టానిక్కు ఏదైనా రాసి పంపు.

నీ అంబిక

* * *

బాగేపల్లి,
3 జూలై 2006

అమ్మా అంబికా,

టానిక్కు లేదు.

ముప్పై నాలుగేళ్లు టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని ఊరూరా తిరిగాను. ఏ ఊరికి పోయినా తల్లులు అడిగేది ఇదే, బలానికి సీసా. సీసాలో ఉండేది చక్కెర నీళ్లు, నీ పిల్లకు అది ఇప్పటికే ఎక్కువైంది. ఆ డాక్టరు మంచి ప్రశ్న అడిగాడు. నీకు ఒళ్లు మండితే చన్నీళ్లు పోసుకో.

నువ్వు నడవవని ఎవరన్నారు? నీ నడక నాకు తెలుసు, నువ్వు మా అన్న కూతురివి. నేను అడిగేది నయన సంగతి. పక్కలోంచి లేచింది మొదలు మళ్లీ పడుకునే దాకా ఎక్కడ కూర్చుంటుంది, ఎక్కడ నిలబడుతుంది, ఎవరు మోస్తారు, ఎవరు అందిస్తారు, అంతా రాసి పంపు. అబద్ధం రాయకు. తల్లుల అబద్ధాలు వినడమే నా ఉద్యోగం, బిడ్డకు పాలు పట్టానన్న తల్లి ముఖం చూసి పట్టిందో లేదో చెప్పగలను.

ఆ పాదాల గొప్ప మాత్రం ఇంకోసారి నాకు రాయకు. పాదాలు పూజ చేసుకోవడానికి ఇవ్వలేదు దేవుడు.

ఇక్కడ వాన లేదు. వేరుశనగ విత్తనం వలిచి పెట్టుకుని రైతులంతా ఆకాశం చూస్తున్నారు. ఊరంతా చికున్‌గున్యా. కీళ్లు పట్టుకుని వంగి నడిచేవాళ్లే ఎక్కడ చూసినా. నాకు రాలేదు, నేను ఆగితే కదా అది ఎక్కేది. నాగేశ్ కులాసా. కాలి వేలికి చెప్పు కరిచి చిన్న పుండయింది, కట్టు కడుతున్నాను.

ఆశీర్వాదాలతో
మీ అత్త

* * *

చింతామణి,
19 ఆగస్టు 2006

అత్తా,

నువ్వు అడిగినట్టే రాస్తున్నాను. నాలుగు రోజులు దొంగలా చూసి రాసింది.

ఆరున్నరకు లేస్తుంది. లేవగానే మా అత్తగారు మంచం మీదికే పాలు తెచ్చి ఇస్తుంది. స్నానం చేయించేది నేను, జడ వేసేది ఆమె, బూట్లు తొడిగేది మా ఆయన. ఎనిమిదిన్నరకు మోపెడ్ మీద బడికి. బడి కిలోమీటరున్నర. బడిలో బెంచీ. నాలుగున్నరకు మోపెడ్ మీద ఇంటికి. ఆరుదాకా టీవీ, చేతిలో మిక్చరు గిన్నె. తర్వాత వల దగ్గర కూర్చుంటుంది. రాస్తుంటే నాకే సిగ్గయింది. మొత్తం రోజులో దాని కాళ్లతో అది చేసిన పని టీవీ నుంచి వల దాకా నడవడం.

వల అంటే పురుగులింటి కిటికీకి కొట్టిన వల. ఊజీ ఈగ లోపలికి వచ్చి పురుగు మీద గుడ్డు పెడితే పంట పోయినట్టే. పిల్లలనూ రానివ్వము. బయటి దుమ్ము, ముఖానికి రాసుకున్న పౌడరు, చేతికి అంటిన తీపి, ఏది తగిలినా పురుగుకు రోగం. నేను కూడా కాళ్లు మందునీళ్లలో కడుక్కుని, వేరే చీర చుట్టుకుని పోతాను. మా అత్తగారి అత్తగారి నాటి కట్టుబాటు. నయన పుట్టి తొమ్మిదేళ్లయింది, ఆ గడప ఇంతవరకూ దాటలేదు. బయట పీట వేసుకుని వలకు ముఖం ఆనించి నాతో కబుర్లు చెబుతుంది. లోపలినుంచి నేను ఊ కొడతాను.

మొన్న సాయంత్రం ఆకు వేయడం ముగించి బయటికొచ్చి గోడకు ఆనుకుని కాళ్లు ఒత్తుకుంటున్నాను. అది వచ్చి పక్కన కూర్చుని, "లోపల కూచోనే ఉంటావు కదమ్మా, కాళ్లెందుకు నొస్తాండాయి?" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగితే చెప్పింది. "లోపల వాన పడ్తాంటాది. నువ్వు పీట మీద కూచోని పురుగుల్ని సూస్తాంటావు. నాకు కల్లో గూడా అట్లే వస్తాది."

తర్వాత దాని పీట మీద నేను కూర్చుని వలలోంచి చూశాను. బయట వెలుతురు, లోపల నీడ. ఏమీ కనిపించలేదు అత్తా. నల్లగా ఉంది. వాన చప్పుడు మాత్రం వినిపించింది. ఆ వానలో ఎక్కడో ఒక పీట మీద కదలకుండా కూర్చున్న నన్ను నేనే చూస్తున్నట్టు అనిపించి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. పుట్టినప్పటినుంచి నా బిడ్డ చూసిన అమ్మ ఆ అమ్మే. కూర్చునే అమ్మ. అదీ కూర్చుంది.

ఇంతవరకు నీ లెక్క సరే. కానీ ఒక మాట అడగకపోతే నాకు నిద్ర పట్టదు. నువ్వు రోజుకు పది మైళ్లు నడిచినదానివి. నీ నడక మూడు హోబళ్ల ఊళ్లన్నిటికీ తెలుసు. మరి నీ కన్నకొడుకు నాగేశ్ బావ బూతులో కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులతో బల్ల ఎందుకు పట్టుకుంటాడు? మా పెళ్లి ఊరేగింపులో కూడా జీపు దిగలేదు. ముందు మీ ఇంటి సంగతి చెప్పి, తర్వాత నా పిల్ల సంగతి అడిగితే బాగుండేది.

అంబిక

* * *

బాగేపల్లి,
30 ఆగస్టు 2006

అంబికకు,

ఉత్తరం అందింది. అడగవలసిన మాటే అడిగావు. ఈ రోజు జవాబు రాయలేను. నయనకు మిక్చరు మాన్పించు.

లక్ష్మీనరసమ్మ

* * *

చింతామణి,
25 సెప్టెంబరు 2006

అత్తా,

ఉత్తరం కింద అత్త అని రాయకుండా పేరు రాశావు. దాన్ని చూసిన రోజు నాకు అన్నం దిగలేదు. నా నోరు ఎట్లాంటిదో నీకు తెలుసు, చిన్నప్పుడు నువ్వే కారం పెడతానని బెదిరించేదానివి. పెట్టవలసింది. నెల అయింది, ఒక్క కార్డు ముక్క రాయి. బూతుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. తిట్టడానికైనా రాయి.

నీ అంబిక

* * *

చిక్కబళ్లాపురం,
14 అక్టోబరు 2006

అంబికా, తల్లీ,

ఇది ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నీ బావకు కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. భయపడకు, ఇప్పుడు బాగున్నాడు, ఇడ్లీ తిని పడుకున్నాడు. బూతు మూసి ఉంది, అందుకే ఎవరూ ఎత్తలేదు.

చెప్పు కరిచిందని నీకు రాశాను. కరిచిన మాట నిజమే. ఆరేళ్లుగా వాడికి చక్కెర జబ్బు అన్న మాట దాచాను. ఊరందరికీ చేతులు కడుక్కోండి, కాళ్లు కడుక్కోండి అని చెప్పిన నర్సమ్మ ఇంట్లో ఇట్లా అయిందంటే నవ్వుతారని దాచాను. నువ్వు నవ్వవు, అయినా నీకూ చెప్పలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇదీ. వాడికి మూడేళ్లప్పుడు వాళ్ల నాయన పోయాడు. నన్ను మిట్టేమరి వైపు ఊళ్లకు వేశారు. పొద్దున ఆరింటికి పెట్టె తగిలించుకుని పోతే దీపాల వేళకు వచ్చేదాన్ని. వాడు మా అమ్మ దగ్గర. ఆమెకు చూపు సరిగా ఆనదు. ఇల్లు రోడ్డు పక్కన, హైదరాబాదు పోయే లారీలన్నీ గుమ్మం ముందే. వాడు అరుగు దిగితే ఏమవుతుందోనని దారి పొడవునా నాకు అదే దిగులు. అందుకని ఒక ఏర్పాటు చేశాను. పొద్దున పోయేటప్పుడు అరుగు కింద నేల మీద ముగ్గుపిండి పలచగా చల్లి పోయేదాన్ని. సాయంత్రం వచ్చి, పిండి మీద వాడి అడుగులు లేకపోతే బిస్కెట్ పొట్లం ఇచ్చేదాన్ని. అడుగు ఉంటే లేదు.

మొదట్లో అడుగులు ఉండేవి. చిన్నవి, కోడిపిల్ల తొక్కినట్టు. తర్వాత తగ్గాయి. ఆరు నెలలకు పిండి చల్లింది చల్లినట్టే ఉండేది. మూడేళ్లు ఆ పిండి మీద ఒక్క అడుగు పడలేదు అంబికా. నా బిడ్డ ఎంత బుద్ధిమంతుడో అని పోయిన ప్రతి ఊళ్లో చెప్పుకున్నాను. ఊళ్లోవాళ్ల పిల్లలకు టీకాలు వేసి, నా బిడ్డ కాళ్లకు నేనే తాళం వేశాను. వేస్తున్నప్పుడు అది ప్రేమే అనుకున్నాను. ఇప్పుడూ ప్రేమ కాదనలేను, అదే నన్ను చంపుతోంది.

ఆపరేషన్ అయిన మూడో రోజు వాడి తల దువ్వుతూ, నేను ఇంత నడిచాను కదా, నిన్ను ఒక్కనాడైనా నాతో తీసుకుపోయి ఉంటే బాగుండేది నాయనా అన్నాను. వాడికి కోపం లేదు. కోపం వచ్చినా నాకు తేలికగా ఉండేది. "నువ్వు నడిచేది నాకు యాడ కనపడిందిమా," అన్నాడు. "పొద్దున పోయేది కనపడ్తాండె. సాయంత్రం వచ్చేది కనపడ్తాండె. నడుమ నువ్వు ఏం చేస్తాంటివో నాకేం తెలుసు."

నీ వల సంగతి చదివిన రోజు నేను జవాబు రాయలేకపోయింది అందుకు. నడక రక్తంలో రాదు తల్లీ. వచ్చేదైతే నా కొడుక్కి పరుగే రావాలి. కళ్లకు కనపడి, పక్కన ఎవరైనా ఉంటే వస్తుందేమో. నాకు ఆ కాలం పోయింది. నయనకు ఇంకా తొమ్మిదేళ్లే.

మీ అత్త

* * *

చింతామణి,
22 నవంబరు 2006

అత్తా,

నీ ఉత్తరం చదివి పురుగులింట్లోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. మా అత్తగారు ఆకులో పురుగుమందు ఉందేమో, కళ్లు మండుతున్నాయేమో అనుకుంది. బావను చూడడానికి రాలేకపోయాను, పంట మధ్యలో ఉంది. క్షమించు. బావ గురించి అడిగిన మాటకూ క్షమించు, రానందుకూ క్షమించు.

ఏం చేశానో చెబుతాను. దీపావళి మర్నాటి నుంచి నయనను బడికి నడిపించి తీసుకుపోతున్నాను. నేనే. మోపెడ్ లేదు.

ఇంట్లో యుద్ధం. ఇంత ఉన్నవాళ్లం, పిల్లను కూలివాళ్ల పిల్లలా రోడ్డు వెంట నడిపిస్తావా అని మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నయన కాలికి బొబ్బ వచ్చింది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తూ ఏడ్చింది. అబద్ధం చెప్పను అత్తా. ఆ పాదాలు చెడిపోతున్నాయని నాకూ ఏడుపు వచ్చింది. ఎంత పిచ్చిదాన్నో చూడు.

మా ఆయన రామకృష్ణప్ప మనిషి మంచివాడే. కానీ ఎనిమిదింటి ఆకు వేళకు నేను ఉండను. నేను తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఒక పూట ఆకు ఆలస్యమైతే పురుగులు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి. కొన్ని జ్వరానికి పోతాయి, కొన్ని ఇంకా తింటుంటాయి. ఈసారి గూళ్లు పలచగా వచ్చాయి. ఈ పంటకు ఏమీ అనను, వచ్చే పంట చెడితే మాత్రం నడక మానాలి అన్నాడు. సరే అన్నాను. ఇంకేమనాలి.

పొద్దున మంచు ఉంటుంది. బడి దారిలో కాలువ మీది మోరీ దాకా ఏమీ కనపడదు, చెట్లు ఒక్కొక్కటే లేచి నిలబడినట్టు మెల్లగా వస్తాయి. మంచులో నయన మాటలు తగ్గిస్తుంది. కళ్లు సగం మూసుకుని నడుస్తుంది. ఇది కల అనుకుంటున్నావా అని అడిగితే తల ఊపింది. కలలో అయితే కాళ్లు నొప్పి పుట్టవంది.

మోరీ దగ్గరికి వచ్చేసరికి కూర్చుంటుంది. రోజూ. అక్కడినుంచి బడి గంట వినపడేంత దూరమే, కానీ లేవదు. బతిమాలాను, కోప్పడ్డాను, చేయి పట్టి లాగాను. నిన్న ఏమందో తెలుసా? "నువ్వు పోమ్మా. నేను ఈడ్నించి సూస్తాంటా." నవ్వుతూ అంది, నాకు మేలు చేస్తున్నట్టు.

ఏం చేయాలో చెప్పు. బావ అడుగు పెడుతున్నాడా?

నీ అంబిక

* * *

బాగేపల్లి,
18 డిసెంబరు 2006

అంబికా,

ఎంత నడిచావో రాశావు, ఎట్లా నడిచావో రాయలేదు. నేను చెబుతాను, వింటున్నావా? నువ్వు నాలుగడుగులు ముందుండి, వెనక్కి తిరిగి రా రా అని పిలుస్తున్నావు. మా అన్న కూతురివి, ఇంకెట్లా నడుస్తావు. ముందు నడవకు. ముందు నడిచే వాళ్ల వీపు ఒక్కటే పిల్లలకు కనపడేది. నా వీపు నాగేశ్‌కు కంఠతా వచ్చు. పక్కన నడువు. అది కూర్చుంటే నువ్వూ కూర్చో. ఆకు వేళ అయిందని లేవకు, అది లేచినప్పుడు లే. ఇది చెప్పడం తేలిక, నాకే చేతకావడం లేదు.

నాగేశ్ ఇంటికొచ్చాడు. మెత్తటి చెప్పులు, చేతికర్ర. డాక్టరు రోజూ కొంచెం నడవాలన్నాడు. మొదటి రోజు నేను మాట్లాడుకుంటూ పోయి పోయి వెనక్కి చూస్తే వాడు ఎక్కడో ఉన్నాడు. చిన్నప్పుడు ఎట్లా చూసేవాడో అట్లానే నిలబడి చూస్తున్నాడు. వెనక్కి వచ్చాను. అరవై మూడేళ్లకు మెల్లగా నడవడం నేర్చుకుంటున్నాను అంబికా, వేగంగా నడవడం నాకు ఇంత కష్టం కాలేదు. పది అడుగులు, ఆగడం. ఊపిరి. పది అడుగులు. వాడితో పాటు ఆగితే రోడ్డు వేరేగా కనపడుతుంది. ముప్పై ఏళ్లు తిరిగిన వీధిలో కానుగ చెట్టు ఉందని మొన్ననే చూశాను.

కింద వాడు నాలుగు ముక్కలు రాస్తానన్నాడు.

మీ అత్త

నయన పాపకు, బాగేపల్లి పెదనాయన దీవెనలు. నాకు ఎనిమిది వేళ్లే ఉన్నాయి, నీకు పది. నువ్వు మోరీ దాకా పోతాండావంట. నేను ఇంకా పాలడైరీ దాకానే. నాకన్నా నువ్వే ముందుండావు.

నాగేశ్

* * *

చింతామణి,
17 ఫిబ్రవరి 2007

అత్తా,

బావ రాసినది నయన ఎన్నిసార్లు చదివిందో. మోరీ దగ్గర దానితో పాటు నేనూ కూర్చోవడం మొదలుపెట్టాను. సంక్రాంతి దాటాక ఒక రోజు దానంతట అదే లేచింది. తర్వాత మోరీ దగ్గర ఆగడం తగ్గింది. అయినా పరుగు లేదు. నంజప్ప మేష్టరు పిలిచినప్పుడల్లా, నడుస్తా గానీ పరిగెత్తేది రాదు సార్ అని చెప్పేదట. నేనూ అంతటితో తృప్తి పడదామనుకున్నాను.

ఈ పంట మొదటినుంచీ బాగా సాగింది. రోజూ పొద్దున నేను లేని గంటన్నర మా ఆయనే ఆకు వేశాడు. నోటితో ఏమీ అనకపోయినా, ఈ పంట మీదే నా నడక ఉందని ఇద్దరికీ తెలుసు.

మొన్న గురువారం పురుగులు పండాయి. పండిన పురుగు తిండి మాని, ఒళ్లు తేటగా పసుపుపచ్చగా మారి, గూడు కట్టడానికి చోటు వెతుకుతూ తల ఆడిస్తుంది. ఆ గంటల్లోనే ఏరి చంద్రికల మీద వేయాలి. వెదురు తడికకు చుట్టలు చుట్టలుగా అల్లి ఉంటాయే, అవి. ఆలస్యమైతే తట్టలో ఆకుచెత్తలోనే గూడు కట్టుకుంటాయి, ఆ గూళ్లు మార్కెట్టులో ఎవరూ ముట్టరు. చేతులు ఎన్ని ఉన్నా చాలని రోజు. చంద్రికలు తక్కువై మా ఆయన పక్కింటి వాళ్లవి తేవడానికి పోయాడు. నేను వలలోంచి నయనతో, ఈ పూట బడికి నేను రాలేను, నాయన వచ్చాక చూద్దామని చెప్పాను. అది ఊ అంది.

గదిలో వాన ఆగిపోయింది. పండిన పురుగులు తినవు కదా, పాతికరోజులు వినిపించిన చప్పుడు ఒక్కసారిగా ఉండదు. ఆ నిశ్శబ్దంలో ఏరుతూ ఏరుతూ, బయటినుంచి కూడా ఏ మాటా రావడం లేదని నాకు ఎప్పటికో తెలిసింది. పిలిచాను. పలకలేదు. మా అత్తగారు వచ్చి చూసి, పిల్లా లేదు, సంచీ లేదు అంది.

చేతిలో పురుగులు తట్టలో పోసి బయటికి వచ్చేశాను. తలుపు వేశానో లేదో కూడా తెలియదు. లారీలు తిరిగే రోడ్డు అది. చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని పరుగెత్తాను. పెద్దమనిషినైన తర్వాత నేను పరుగెత్తిన గుర్తు లేదు అత్తా. బజారు మధ్యలో, ఒట్టి కాళ్లతో, ఆకు మరకల చీరతో పరుగెత్తాను. అంగళ్లవాళ్లు లేచి నిలబడి చూశారు.

మోరీ దాటాక కనిపించింది. ఒక్కతే, రోడ్డు అంచున, తన మానాన తను నడుస్తోంది. నయనా అని అరిచాను. తిరిగి చూసింది. చూసి అట్లాగే నిలబడిపోయింది. నన్ను కాదు, నా కాళ్లను చూస్తోంది. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది. నేను తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఊపిరి లేదు. పది గజాల దూరానికి వచ్చాను, చేయి చాపాను.

అప్పుడు నవ్వింది. "పరిగెత్తేది వచ్చా నీకు?" అంది. అని, వెనక్కి తిరిగి పరుగు తీసింది.

పరుగంటే పరుగులా లేదు. సంచీ వీపు మీద ఎగురుతోంది, ఒక చేతితో దాన్ని పట్టుకుంది, కాళ్లు రెండూ రెండు దిక్కులకు పోతున్నాయి. నాలుగు బారలు పోయి ఆగి, రొప్పుతూ నన్ను చూసింది. నేను దగ్గరికి రాగానే కిలకిల నవ్వుతూ మళ్లీ పరుగు. ఆగమని అరవాలనుకున్నాను. అరిస్తే ఎక్కడ ఆగిపోతుందోనని భయం వేసింది, అందుకని అరవలేదు, నేనూ ఆగలేదు. ఎండలో రోడ్డు కదులుతున్నట్టే ఉంది. దాని జడలు ఊగుతున్నాయి. చప్పుడంతా దూరమై, మా ఇద్దరి ఊపిరే వినిపించింది. బడి గేటు దాకా అట్లా పోయాము. నేను దాన్ని అందుకోలేకపోయాను అత్తా. గేటు దగ్గర నంజప్ప మేష్టరు విజిలు చేతిలో పట్టుకుని ఊదడం మరిచిపోయి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి మూడో వంతు పురుగులు తట్టల్లోనే గూడు కట్టడం మొదలుపెట్టేశాయి. మా ఆయన ఒక్కడే కూర్చుని మిగిలినవి ఏరుతున్నాడు. జరిగింది చెప్పాను. ఇక నడక మానిపిస్తాడేమోనని గోడ పట్టుకుని నిలబడ్డాను. చేతిలో ఉన్న పురుగులను చంద్రిక మీద వేశాడు. తర్వాత, ఎంత దూరం పరుగెత్తింది అని అడిగాడు. మోరీ నుంచి గేటు దాకా అన్నాను. సరే, ఇట్లా రా, ఏరుదాం అన్నాడు.

రెండు రోజులుగా నా పిక్కలు రాళ్లయి మంచం దిగలేకపోతున్నాను. ఈ ఉత్తరం పడుకునే రాస్తున్నాను. నయన తలుపు దగ్గర బూట్లు తనే తొడుక్కుని నిలబడి ఉంది. ఈసారి తను తరుముతుందట, నేను ముందు పరుగెత్తాలట. లేవలేనే తల్లీ అంటే వినడం లేదు.

నీ అంబిక